మామగారి ఎడమ చెవి

లువాంగ్వా లోయలో ఉద్యోగస్తుణ్ణి గుర్తుపట్టడం తేలిక. నడవడు. మొదటి జీతంతో సైకిలు కొంటాడు. నాలుగో ఏడు మోటారు సైకిలు. పదో ఏడు, జపాన్‌లో ఎవరో వాడి విసుగెత్తి వదిలేసిన కారు. ఆ కారు కదలకపోయినా ఎవరికీ అభ్యంతరం లేదు. గుమ్మం ముందు మామిడిచెట్టు కింద నిలబడి, కోళ్ళకి నీడనిస్తూ, ఈ ఇంట్లోవాళ్ళు నడవరని వచ్చేపోయేవాళ్ళకి చెబుతుంటే చాలు.

అలాంటి చోట గెర్షోమ్ జింబాకి నడవడమే ఉద్యోగం.

సొంత దేశంలో రెండేసి కార్లున్న దొరలు విమానాలెక్కి వచ్చి, అడవిలో కాళ్ళతో నడవడానికి డబ్బు కడతారు. వాళ్ళని క్యాంపు నుంచి క్యాంపుకి, ఏనుగుల మధ్య నుంచి, సింహాల పక్క నుంచి, చెప్పిన చోట ఆపుతూ, చెప్పిన చోట కదిలిస్తూ నడిపించాలి. పన్నెండేళ్ళుగా గెర్షోమ్ ఆ పని చేస్తున్నాడు. దానికోసం రాసిన పరీక్షలో నూరు మందిలో తొంభై మంది తప్పుతారు. అయినా పెళ్ళి మాటల రోజున ఆడపిల్ల తరఫు పెద్దమనిషి మొదట అడిగింది ఒకటే.

"బండి ఎప్పుడిస్తారు బాబూ?"

"నడిచేవాళ్ళకి బండి ఇవ్వరండీ. నడకే పెద్ద ఉద్యోగం. బండి నడిపేవాళ్ళు మాకంటే కింద."

ఆయన ఈ జవాబుని పుస్తకంలో రాసుకుని, కాసేపు చూసి, కొట్టేసి, 'త్వరలో ఇస్తారు' అని రాసుకున్నాడు.

అయినా పిల్లనిచ్చారంటే కారణం పిల్ల తండ్రి. లమెక్ షోంగా కూడా నడిచే మనిషే. అటవీ శాఖలో తుపాకీ స్కౌటు. నడకలో వరస ఎప్పుడూ ఒకటే. అందరికంటే ముందు తుపాకీతో లమెక్, ఆయన వెనక గెర్షోమ్, గెర్షోమ్ వెనక ఆరుగురికి మించకుండా దొరలు, అందరికంటే వెనక టీ సంచి మోస్తూ కటోంగో. ఎదురుగా జంతువేదైనా వస్తే నిలబడాలా, వెనక్కి జరగాలా, తుపాకీ ఎత్తాలా అన్నది చెప్పేది గైడు. చేసేది స్కౌటు. ఆరు సీజన్లుగా ఈ ముగ్గురూ కలిసి నడిచారు. ఆరు సీజన్లలో లమెక్ ఒక్క గుండు కాల్చలేదు. నడిపించేవాళ్ళలో దీన్ని మించిన గొప్ప లేదు.

ఆ గొప్ప వెనక ఒక రహస్యం ఉంది. లమెక్ ఎడమ చెవి పనిచేయదు. ముప్ఫై ఏళ్ళ తుపాకీ అభ్యాసం దాన్ని మెల్లమెల్లగా మూసేసింది. ఏటేటా జరిగే వైద్యపరీక్షలో డాక్టరు "వినబడుతోందా?" అని అడుగుతాడు. అడిగేది ఆ ఒక్క ప్రశ్నే కాబట్టి, లమెక్ ఆయన నోరు తెరిచేలోపే "బాగా" అనేవాడు. పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది. ఈలోగా శాఖకి తెలిస్తే ఇంటికి పంపేస్తారు.

కాబట్టి అడవిలో గెర్షోమ్ నోటితో చెప్పేవాడు కాదు. చేత్తో చెప్పేవాడు. ఆయన భుజం మీద ఒకసారి తడితే ఆగు. రెండుసార్లు తడితే వెనక్కి రా. ఎడమవైపు తడితే ఎడమకి చూడు. దొరలకి ఇదేదో పాతకాలపు అడవి విద్యలా కనిపించి, పుస్తకాల్లో రాసుకునేవాళ్ళు.

ఏప్రిల్‌లో వానలు వెనక్కి తగ్గగానే గెర్షోమ్‌కి లమెక్ కూతురు టియోంగెతో పెళ్ళయింది. ఆ మర్నాటి నుంచి అతను ఆ భుజాన్ని ముట్టుకోలేకపోయాడు.

అల్లుడన్నవాడు మామగారి కళ్ళలోకి చూడకూడదు. పేరు పలకకూడదు. ఎదురు నిలబడి మాట్లాడకూడదు. అత్తగారు దారిలో ఎదురైతే పక్కనున్న పొదలోకి దిగి, ఆవిడ వెళ్ళేదాకా అక్కడే ఏదో వెతుక్కుంటున్నట్టు ఉండాలి. ఏం చెప్పాలన్నా మూడో మనిషితో చెప్పించాలి. ఇక ముట్టుకోవడమంటే, అలాంటి అల్లుడి గురించి ఊరు మూడు తరాలు చెప్పుకుంటుంది.

ఇదంతా విందు జరిగేదాకానే. అత్తవారు అల్లుణ్ణి 'లోపలికి పిలిచి' విందు పెడతారు. అత్తగారు తన చేత్తో న్షిమ అనే మొక్కజొన్న సంకటి ముద్ద తీసి అల్లుడి చేతిలో పెడుతుంది. ఆ ముద్ద మింగిన క్షణం నుంచి అతను కొడుకు. మాట్లాడొచ్చు, ముట్టుకోవచ్చు, అప్పు కూడా అడగొచ్చు. దానికి కావలసినవి ఒక కోడి, ఒక గంజు న్షిమ, ఇద్దరు ముసలివాళ్ళు. లమెక్ కాలంలో ఆయన అత్తవారు పెళ్ళయిన వారానికి, వేరుశనగ పీకే పని మధ్యలో, చేతులు కడుక్కొచ్చి కానిచ్చేశారు.

లమెక్ భార్య అలా కానిచ్చే మనిషి కాదు. ఆవిడ ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్, చర్చి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ఊళ్ళో అందరూ మిసెస్ షోంగా అంటారు. మొగుడు కూడా మిసెస్ షోంగా అనే అంటాడు. వాళ్ళింట్లో సోఫాలకి లేసు గుడ్డలు, లేసు గుడ్డలకి ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి. ముందుగదిలో ఫ్రిజ్ ఉంటుంది. కరెంటు ఉన్న రోజు తక్కువ కాబట్టి అందులో సర్టిఫికెట్లు దాస్తారు.

"ఒక కోడి చాలదూ?" అన్నాడు లమెక్, ఓ ఆదివారం.

"కోడా? జిల్లా ఎడ్యుకేషన్ ఆఫీసరు గారి భార్య వస్తుంది. ఆవిడకి కోడిని చూపిస్తావా?"

"పోనీ, రెండు."

"డిసెంబర్లో చేద్దాం. సీజన్ అయిపోతుంది, స్కూళ్ళకి సెలవులు. టెంట్ చెప్పాను. కుర్చీలకి తెల్ల తొడుగులు, వెనక ఊదారంగు రిబ్బన్లు. మైకులో మాట్లాడేవాణ్ణి చిపాటా పట్నం నుంచి పిలిపిస్తున్నాం. సంఘంలో ముప్ఫై రెండు మందికీ ఒకే అచ్చు గుడ్డ. రెండంతస్తుల కేకు."

"అల్లుడు డిసెంబరుదాకా నాతో మాట్లాడకుండా అడవిలో ఎలా పనిచేస్తాడు?"

"మొగాళ్ళు అడవిలో మాట్లాడుకునేది ఏముంటుంది? ఈ సంవత్సరం నీ చెల్లెలి అల్లుడికి పెట్టిన విందులో కుర్చీలకి తొడుగుల్లేవు. జనం ఇంకా చెప్పుకుంటున్నారు."

లమెక్ తల తిప్పి ఎడమ చెవి ఆవిడ వైపు పెట్టాడు. ముప్ఫై ఏళ్ళ కాపురం చెడకుండా ఉండటానికి కారణమేమిటని ఎవరైనా అడిగితే ఆయన ఆ చెవినే చూపించేవాడు.

జూన్‌లో క్యాంపు తెరిచారు. మొదటి నడకకి ముందు రోజు ముగ్గురూ చింతచెట్టు కింద కూర్చున్నారు. కూర్చున్నారంటే లమెక్ ఒక దుంగ మీద, గెర్షోమ్ ఆయనకి వీపు పెట్టి ఇంకో దుంగ మీద, కటోంగో మధ్యలో నేల మీద. కటోంగో బెంబా. లమెక్ ఎంగోని. ఒకప్పుడు తాతలు బల్లేలతో పొడుచుకున్న జాతులు కాబట్టి, ఇప్పుడు మనవలు ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటైనా అనొచ్చు, ఎవరికీ కోపం రాకూడదు. చావింట్లో అయినా సరే. పదిహేనేళ్ళుగా వాళ్ళిద్దరూ ఈ హక్కుని ఒక్కపూట వృథా చేయలేదు.

"అన్నా," అన్నాడు గెర్షోమ్ వెనక్కి తిరగకుండా, "మామగారితో చెప్పు. నేను ఆఫీసులో అడిగి వేరే స్కౌటుతో నడుస్తానని."

కటోంగో లమెక్ కుడి చెవి దగ్గరికి జరిగాడు. "ఎలకలు తినేవాడా. నీ అల్లుడికి నువ్వు నచ్చలేదట."

"విన్నాను. ఎందుకని అడుగు."

"ఎందుకని అడుగుతున్నాడు."

"భుజం తట్టలేను కదా అన్నా. ఏదైనా జరిగితే?"

"నీ భుజం మురికిగా ఉందంటున్నాడు," అన్నాడు కటోంగో.

 లమెక్ మెల్లగా, చెట్టుతో చెబుతున్నట్టు అన్నాడు. "కొత్త గైడు ఒక్క రోజులో కనిపెట్టేస్తాడని చెప్పు. సాయంత్రానికి ఆఫీసులో తెలుస్తుంది. రెండేళ్ళేగా. డిసెంబర్లో ఎలాగూ విందు. ఈ కోతులు తినేవాణ్ణి మనిద్దరి మధ్యలో నడిపిద్దాం. అల్లుడు వీడితో చెబుతాడు, వీడు నన్ను తడతాడు."

"ముప్ఫై కిలోల టీ సంచితోనా?" అన్నాడు కటోంగో.

"కేకు తగ్గించుకో."

అలా వరస మారింది. లమెక్, కటోంగో, గెర్షోమ్, ఆ వెనక దొరలు. టీ మోసేవాడు తుపాకీ వెనకే ఎందుకు నడుస్తాడని దొరలు అడిగితే, టీ చాలా ముఖ్యం అని గెర్షోమ్ చెప్పేవాడు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు వెంటనే నమ్మేవారు.

పద్ధతి బాగానే నడిచింది. జూలైలో ఒక ఆడసింహం పిల్లలతో గడ్డిలోంచి లేచింది. గెర్షోమ్ గుసగుసగా "వెనక్కి" అన్నాడు, కటోంగో భుజం రెండుసార్లు తట్టాడు, అందరూ వెనక్కి వచ్చారు. ఆగస్టులో అడవిదున్నలు. అప్పుడూ అంతే. ఒక మాటకీ ఒక తట్టుకీ మధ్య ఒక ఊపిరంత ఆలస్యం వచ్చింది. ఆ ఊపిరి సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

గెర్షోమ్‌కి బెంగగా ఉండేది. ఆరేళ్ళు ఆయన మెడ వెనక భాగం చూస్తూ నడిచినవాడికి ఇప్పుడు కటోంగో సంచి మీది కెటిల్ కనిపించేది. లమెక్‌కీ ఉండేదేమో. దారిలో తేనెపట్టు దొరికితే ఒక ముక్క విరిచి పుట్ట మీద ఆకులో పెట్టి, వెనక్కి చూడకుండా నడిచిపోయేవాడు. గెర్షోమ్ ఆ పుట్ట దగ్గరికి వచ్చినప్పుడు, తేనె తనంతట తనే అక్కడికి వచ్చినట్టు తీసుకునేవాడు.

సెప్టెంబరు చివర ఎండలు ముదిరాయి. గుంటలన్నీ ఎండి, ఏనుగులన్నీ నది వైపు దిగడం మొదలెట్టాయి. సెలవురోజు ఇంటికి వెళ్ళినప్పుడు గెర్షోమ్ టియోంగెతో అన్నాడు. "మీ అమ్మనడుగు. ఇప్పుడు చిన్నగా ఒక ముద్ద పెట్టేసి, డిసెంబర్లో పెద్దగా చేసుకోమను."

టియోంగె అడిగొచ్చింది.

"గుడ్డలు ఇంకా కుట్టివ్వలేదంది. చాటుగా చేస్తే జనం ఏదో దాస్తున్నామనుకుంటారంది."

"మీ నాన్న చెవి సంగతి ఆవిడకి తెలుసుగా?"

"తెలుసు. అందరికీ వినబడేలా అంత గట్టిగా అనొద్దంది."

అక్టోబరు మొదటి వారంలో క్యాంపు వంటింటి వెనక లమెక్ తింటూ ఉన్నట్టుండి ఆగాడు. పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి, వేరుశనగ పొడి వేసిన ఆకుకూరలో అద్ది, చెయ్యి పక్కకి చాపాడు. ఆయన మొహం మాత్రం నది వైపే ఉంది.

"తినమను," అన్నాడు. "తింటే అయిపోతుంది."

కటోంగో ఎప్పుడూ లేనిది ఒక్క జోకూ వేయలేదు. గెర్షోమ్ ఆ ముద్ద వైపు చూశాడు. తినాలనే ఉంది. చెయ్యి సగం లేచింది కూడా. అప్పుడు అన్నాడు, "మిసెస్ షోంగాకి తెలిస్తే?"

ముగ్గురూ మిసెస్ షోంగా గురించి ఆలోచించారు. ముప్ఫై రెండు అచ్చుగుడ్డల గురించి, ఊదారంగు రిబ్బన్ల గురించి, అత్తగారు పెట్టాల్సిన ముద్దని అడవిలో దొంగతనంగా మింగిన అల్లుడి గురించి. లమెక్ చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ ముద్ద తనే తిన్నాడు.

"నిజమే," అన్నాడు. "ఇంకెంత. రెండు నెలలు."

పదిహేనో తారీఖున ఆరుగురు దొరలు వచ్చారు. అందులో ఒక పళ్ళ డాక్టరు, మణికట్టుకి అడుగులు లెక్కపెట్టే గడియారం. రోజుకి పదివేల అడుగులు పూర్తికాకపోతే సాయంత్రం గుడారం చుట్టూ తిరిగి పూర్తిచేసేవాడు. చుట్టూ తిరిగేటప్పుడు హయీనాలు చూసేవి.

మర్నాడు పొద్దున్న ఎండిన మడుగు ఒడ్డున చింతచెట్టు కింద టీకి ఆగారు. టీ తాగి, కేకు తిని, ఒక రెండువందల గజాలు నడిచారో లేదో, పళ్ళ డాక్టరు ఆగిపోయాడు. చేతులు కడుక్కునేటప్పుడు గడియారం తీసి వేరు మీద పెట్టి మరిచిపోయాడట.

"ఇప్పుడు వేసిన అడుగులు లెక్కలోకి రావు," అన్నాడు చాలా బాధగా.

నిబంధన ప్రకారం అందరూ వెనక్కి వెళ్ళాలి. కానీ ఒకావిడకి మడమ బొబ్బలెక్కింది. మధ్యలో ఉన్నది నున్నటి ఎండుమడుగు, చింతచెట్టు కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. గెర్షోమ్ కటోంగోని పంపాడు.

"కోతి పరుగు చూపించు," అన్నాడు లమెక్.

"గడియారం దొరికితే నీకివ్వను, కొరుకుతావు," అంటూ కటోంగో సంచి దించి వెళ్ళాడు.

మిగిలినవాళ్ళు ఒక పెద్ద చెదపుట్ట పక్కన నిలబడ్డారు. లమెక్ ఆరడుగులు ముందు, కుడివైపు నదిలో నీళ్ళు తాగుతున్న దున్నల్ని చూస్తున్నాడు. ఆయన ఎడమవైపు మోపానె పొదలు. ఎండలో ఆకులన్నీ ముడుచుకుని ఉన్నాయి.

ఎడమవైపు కొమ్మలు విరిగిన చప్పుడు గెర్షోమ్ విన్నాడు.

ఏనుగు నిజంగా చంపాలనుకుంటే అరవదు. చెవులు విప్పి, తల ఊపి, ఘీంకరిస్తూ వచ్చేది ఉత్త బెదిరింపు. సంఘం మీటింగు లాంటిది, దుమ్ము లేస్తుంది, ఎవరికీ ఏమీ కాదు. ఇది అలా రాలేదు. చెవులు వెనక్కి నొక్కుకుని, తొండం లోపలికి చుట్టుకుని, మెడ కిందికి వంచి వచ్చింది. ఆడ ఏనుగు. వెనక పొదలో పిల్ల ఉంది.

గెర్షోమ్‌కి ఏం చేయాలో తెలుసు. రెండు అంగల్లో ఆ భుజం అందుతుంది. రెండుసార్లు తడితే ఆయన తుపాకీ ఎత్తుకుంటూ పుట్ట వెనక్కి వచ్చేస్తాడు. లేదా పేరుపెట్టి అరవొచ్చు. కుడి చెవి ఉంది కదా.

గెర్షోమ్ వెనక్కి తిరిగాడు, కటోంగో కోసం.

నాలుగు నెలలుగా, రోజుకి ఎన్నోసార్లు, చెప్పాల్సింది వచ్చినప్పుడల్లా అతను చూసింది కటోంగో వైపే. ఇప్పుడూ చూశాడు. కటోంగో రెండువందల గజాల అవతల, చింతచెట్టు కింద వంగి, వేళ్ళ మధ్య వెతుకుతున్నాడు.

అంతా కలిపి ఒక ఊపిరంతసేపు. ఆ తర్వాత గెర్షోమ్ అరిచాడు, పరుగెత్తాడు, చెయ్యి చాపాడు. లమెక్ అప్పటికే దొరల మొహాలు చూసి ఎడమకి తిరుగుతున్నాడు. తుపాకీ రొమ్ముదాకా లేచింది.

ఏనుగు ఆగలేదు. ఆయన మీదుగా మడుగు దాటి, పిల్లని వెంటేసుకుని నది వైపు దిగిపోయింది. పుట్ట వెనక దొరలెవరికీ గీత కూడా పడలేదు. పళ్ళ డాక్టరు వచ్చి, దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని, లమెక్ మెడ పట్టుకుని చూసి, నెత్తిమీద టోపీ తీసేశాడు.

కటోంగో రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. చేతిలో గడియారం ఉంది.

"దొరికింది," అన్నాడు. తర్వాత చూశాడు.

విచారణకి ఆఫీసరు మర్నాడే వచ్చాడు. మంచివాడు, నీటుగా రాసేవాడు. గెర్షోమ్ ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నేను వెనక్కి తిరిగి చూశానండి. ఆయన్ని తట్టాల్సింది. తట్టలేదు."

"వెనక్కి ఎందుకు చూశారు?"

"మాట చెప్పించడానికి మనిషి కోసం."

ఆఫీసరు కలం పైకెత్తి ఆలోచించాడు. అలాంటిది రాయడానికి ఫారంలో గడి లేదు. 'ప్రమాద సమయంలో గైడు వెనక్కి తిరిగి అతిథుల క్షేమాన్ని సరిచూసుకున్నాడు' అని రాశాడు. లమెక్ గురించి 'చివరి క్షణం వరకూ వన్యప్రాణిపై కాల్పులు జరపలేదు, అభినందనీయం' అని రాశాడు. ఎడమ చెవి గురించి గెర్షోమ్ చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

"కుటుంబానికి రావలసినవి ఆగిపోతాయి. నేనేమీ వినలేదు."

ఆ శాఖలో వినబడనివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

చావింట్లో ముందుగది ఖాళీ చేసి ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. సోఫాలూ ఫ్రిజ్జూ పెరట్లో ఎండలో నిలబడ్డాయి. మహిళా సంఘంవాళ్ళు ముప్ఫై రెండు మందీ కొత్త అచ్చుగుడ్డలోనే వచ్చారు. అందరికీ ఒక్కలాంటివి అవి తప్ప వేరే లేవు, దర్జీ కూడా ఆ వారమే ఇచ్చాడు. మిసెస్ షోంగా గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులుగా ఏమీ తినలేదు. టియోంగె తల్లిని పట్టుకుని కూర్చుంది. అత్తగారున్న గదిలోకి అల్లుడు వెళ్ళకూడదు కాబట్టి, గెర్షోమ్‌కి పెళ్ళాం మొహం కూడా కనబడలేదు. బయట మొగవాళ్ళతో దుంగ మీద కూర్చున్నాడు.

ఎంగోని పెద్ద ఒకాయన అతన్ని అందరికీ చూపించి మాట్లాడాడు.

"అల్లుడంటే వీడయ్యా. అన్ని నెలలు మామగారి వెనకే నడిచాడు. ఒక్కసారి గొంతెత్తలేదు, ఒక్కసారి మీద చెయ్యి వేయలేదు. ఈ కాలం అల్లుళ్ళు అత్తగార్లకి నేరుగా ఫోన్ చేస్తున్నారు."

అందరూ తలలూపారు. ఇద్దరు ముగ్గురు లేచొచ్చి గెర్షోమ్ చేయి పట్టుకుని ఊపారు.

కటోంగో తన పని తను చేశాడు. బెంబావాడు కాబట్టి ఎంగోనివాడి చావులో నవ్వించాలి. సమాధి తవ్వుతుంటే గోతిలో దూకి పడుకుని, "ఇంత పెద్దది దేనికి? ఎలకకి ఇంత బొరియ చాలు," అని జానెడు చూపించాడు. పెట్టె తెస్తుంటే దారికడ్డంపడి, "వీడు నాకు కేకు బాకీ, తేల్చేదాకా పోనివ్వను," అన్నాడు. ఏడ్చి ఏడ్చి అలిసినవాళ్ళు నవ్వారు. నవ్వించి నవ్వించి పొగచూరిన వంటపాక వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

మూడోరోజు పొద్దున్న గెర్షోమ్ అతన్ని పెరట్లో సోఫా చాటుకి తీసుకెళ్ళాడు.

"అన్నా, అత్తగారికి ఒక మాట చెప్పాలి."

"ఏం మాట?"

"ఆయన పోయింది నా వల్ల. ఏనుగుని నేను ముందే చూశాను. ముట్టుకుంటే బతికేవాడు. ముట్టుకోకుండా నీ కోసం వెనక్కి చూశాను. ఇంతే. ఇలాగే చెప్పు."

కటోంగో సోఫా ప్లాస్టిక్ తొడుగుని గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"వేరే ఎవరితోనైనా చెప్పించు అబ్బాయ్."

"ఎవరున్నారు? ఆఫీసరు రాయనన్నాడు. పెద్దలు దండలేసేలా ఉన్నారు. నేను వెళ్తే ఆవిడ మొహం కప్పుకుంటుంది. ఎవరో ఒకరు నన్ను తిట్టకపోతే నేను బతకలేను అన్నా."

"నేనే వెళ్ళకుండా ఉండాల్సింది. వెధవ గడియారం."

"పంపింది నేను. చెప్పు అన్నా."

కటోంగో వెళ్ళాడు. గెర్షోమ్ ఫ్రిజ్ వెనక నిలబడి విన్నాడు. గుమ్మంలో మోకాళ్ళ మీద పడిన చప్పుడు. కటోంగో గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా.   ఆ తర్వాత లోపల ఒక ముసలమ్మ ముక్కుతో నవ్వింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. కటోంగో ఏదో ఒట్టు వేశాడు. అంతే, గదంతా ఒక్కసారి పగలబడింది. ముప్ఫై రెండు మందీ నవ్వారు. నవ్వి నవ్వి ఒకావిడ చాప మీద చేత్తో కొట్టింది.

కటోంగో తిరిగొచ్చేసరికి మొహమంతా తడిగా ఉంది.

"ఏమంది?"

"లేచి కూర్చుంది. రెండు ముద్దలు తింది. అందరూ నన్ను దీవించారు."

"నేను చెప్పింది చెప్పావా?"

"ఒక్క ముక్క మార్చలేదు. ఇది జోకు కాదమ్మా, నిజమమ్మా, నా పిల్లల మీద ఒట్టు అన్నాను. అప్పుడే ఎక్కువ నవ్వారు. నేను ఏడ్చాను. ఎంత బాగా ఏడుస్తున్నాడో చూడండే అన్నారు."

గెర్షోమ్ సోఫాలో కూర్చున్నాడు. అత్తవారి సోఫాలో అల్లుడు కూర్చోకూడదు, కానీ చూసేవాళ్ళెవరూ లేరు. ప్లాస్టిక్ ఎండకి కాలుతోంది.

"నీకు కబురు పంపింది," అన్నాడు కటోంగో. "విందు సంగతి దిగులు పెట్టుకోవద్దంది. ఏడాది తిరగనిచ్చి, వచ్చే ఏడు డిసెంబర్లో తప్పకుండా చేస్తానంది. అప్పుడు ఏం చెప్పాలన్నా నువ్వే ఎదురుగా కూర్చుని చెప్పుకోవచ్చు."

గెర్షోమ్ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. పద్నాలుగు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు.

లోపల ఇంకో నవ్వు లేచింది. ఎవరో లేచి, ఏనుగుని చూసి వెనక్కి తిరిగే అల్లుణ్ణి చేసి చూపిస్తున్నట్టుంది. చాలా బాగా చేస్తున్నట్టుంది. మిగతా నవ్వుల మధ్య మిసెస్ షోంగా గొంతు కూడా వినబడింది, మళ్ళీ ఒకసారి చెయ్యమంటోంది.